చక్రాలెత్తు, ఫ్లాపులెత్తు, గొంతెత్తకు

ఈ సంక్రాంతికి మా ఊరి పరిధిలో జరిగిన ఏకైక విమాన ప్రమాదం కాలవలో జరిగింది. ప్రమాదానికి గురైన వాహనం కారే అయినప్పటికీ, దాన్ని నడుపుతున్నది పదమూడు వేల గంటల అనుభవం గల కెప్టెన్ కావడం, పక్క సీట్లో కూర్చున్నది లైసెన్సు గల ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, కావడం, ఆ తర్వాత ఇద్దరూ ఒడ్డున నిలబడి తప్పు ఎవరిదన్న విషయమై తెల్లవారేదాకా వాదించుకోవడం వల్ల దీన్ని విమాన ప్రమాదంగానే నమోదు చేయాలని నా అభిప్రాయం. విమాన ప్రమాదాలను విచారించే ఏఏఐబీ వారు మా ఊరు వచ్చే సూచనలేవీ కనిపించనందున, వెనక సీట్లో అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ప్రత్యక్ష సాక్షిగా విచారణ సంఘం అధ్యక్ష పదవిని నేనే స్వీకరించాను. సంఘంలో వేరే సభ్యులు లేరు కాబట్టి నివేదిక ఏకగ్రీవం.

మా ఎదురింటి పెద్దాయనకు ఇద్దరు అల్లుళ్ళు, ఇద్దరూ పైలట్లే. పెద్దల్లుడు ఇరవయ్యేళ్ళకు పైగా జెట్ విమానాలు నడుపుతున్న కెప్టెన్. చిన్నల్లుడు రెండేళ్ళ క్రితం ఫస్ట్ ఆఫీసర్‌గా చేరిన కుర్రాడు. పెద్దల్లుడి శిక్షణ కోసం వాళ్ళ నాన్న కొబ్బరితోట అమ్మాడు, చిన్నల్లుడి శిక్షణ కోసం పెట్టిన చేపల చెరువు ఇంకా బ్యాంకు తాకట్టులోనే ఉంది. ఆ విధంగా మా గోదావరి డెల్టా భూమి కొంత ఎప్పుడూ గాల్లోనే తిరుగుతూ ఉంటుంది. ఇద్దరూ వేరువేరు సంస్థల్లో పనిచేస్తున్నందువల్ల ఒకే కాక్‌పిట్‌లో కూర్చునే అవకాశం లేదని పెద్దాయన ధైర్యంగా ఉండేవాడు. సంక్రాంతి అనే పండగ ఒకటుందని, ఆ మూడు రోజులూ తోడల్లుళ్ళను ఒకే పంక్తిలో కూర్చోబెట్టక తప్పదని ఆయన లెక్క వేసుకోలేదు.

భోగినాడు మధ్యాహ్నం అరిటాకులో ముప్పై రెండు రకాలు వడ్డించిన తర్వాత, ముప్పై మూడో రకంగా కెప్టెన్‌గారు తమ సిద్ధాంతాన్ని వడ్డించారు. “కో-పైలట్ ఉద్యోగమంతా మూడు మాటల్లో చెప్పొచ్చు మాస్టారూ. చక్రాలెత్తు, ఫ్లాపులెత్తు, గొంతెత్తకు.” ఫ్లాపులంటే రెక్కల వెనక అంచున దిగి లేచే పలకలు. పంక్తి అంతా నవ్వింది. ఈ హాస్యం ఇంగ్లీషులో పైలట్ల మధ్య ఏళ్ళ తరబడి చలామణీలో ఉన్న పాత సరుకేనని, తాను దాన్ని తెలుగులోకి దించానని ఆయన వినయంగా ఒప్పుకున్నారు. పప్పులో నెయ్యి వేసుకునేటప్పుడు ఒకసారి, పనసపొట్టు కూర దగ్గర ఒకసారి, గడ్డపెరుగు దగ్గర మరోసారి అదే మాట చెప్పారు. మూడుసార్లూ చిన్నల్లుడు నవ్వాడు. ఆ నవ్వును ప్రమాదానికి తొలి సూచనగా నా నివేదికలో నమోదు చేశాను.

ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి కాబట్టి ఆ వాక్యం నాకు చేపముల్లులా గొంతులో అడ్డుపడింది. ప్రాస కుదిరింది, కాదనను. మొదటి రెండు క్రియలూ చెయ్యి చేయవలసిన పనులు, మూడోది నోరు చేయకూడని పని. అంటే నూటెనభై మంది కూర్చున్న విమానంలో లైసెన్సు, జీతం, యూనిఫారం, భుజాల మీద బంగారు పట్టీలు ఇచ్చి కూర్చోబెట్టిన మనిషిలో కెప్టెన్‌గారికి పనికొచ్చే భాగం మోచేతి నుంచి వేళ్ళ దాకా మాత్రమే. మిగతా మనిషి లగేజీ. ఒక కొయ్యచెయ్యి బిగిస్తే సరిపోయే పనికి ఆ కుర్రాడి తండ్రి చేత చెరువు తాకట్టు పెట్టించడం ఎందుకో, కొయ్యచేతికి ఇంటర్వ్యూలు ఎందుకో, ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్ పరీక్షలు ఎందుకో నాకు బోధపడలేదు.

పెద్దాయనకు మాత్రం వేరే సందేహం ఉంది. 2002 మార్చిలో లోక్‌సభ స్పీకరు బాలయోగిగారి హెలికాప్టరు భీమవరం నుంచి బయల్దేరి కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిన రోజును మా డెల్టాలో ఎవరూ మరచిపోలేదు. అప్పటినుంచి ఆయన విమానం తెలిసిన మనిషి ఎవరు కనిపించినా ఒకటే అడుగుతాడు: పైనుంచి చూస్తే నేలకీ చెరువుకీ తేడా తెలుస్తుందా? ఆ రోజు కూడా అడిగాడు. “అనుభవం ఉంటే తెలుస్తుంది మామయ్యగారూ” అన్నారు కెప్టెన్‌గారు. “పక్కవాడు చెబితే తెలుస్తుందండీ” అని చిన్నల్లుడు మజ్జిగ గ్లాసులోకి అన్నాడు. గ్లాసు తప్ప ఎవరూ వినలేదు. నేను అతని పక్కనే కూర్చున్నాను కాబట్టి విన్నాను.

కెప్టెన్‌గారి ఆరోపణల్లో పస లేదని నేను అనను. “ఈ కాలం కుర్రాళ్ళకి చెయ్యి రాదు మాస్టారూ. తెర మీద దారి చూపే ఆ గులాబీ రంగు గీత ఉన్నంతసేపూ మహారాజులు. గీత పోయిందా, తడిసిన పిల్లులు” అంటూ ఆయన 2009 జూన్ 1 నాటి ఎయిర్ ఫ్రాన్స్ ప్రమాదాన్ని ఉదాహరించారు. రియో నుంచి పారిస్ వెళ్తున్న ఆ ఎయిర్‌బస్‌కు అట్లాంటిక్ పైన, వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు పేరుకుని ఆటోపైలట్ ఊడిపోయింది. కుడి సీట్లోని కో-పైలట్ కంగారులో విమానం ముక్కును పైకి లాగాడు, లాగుతూనే ఉన్నాడు. ఆ రకం విమానంలో ఇద్దరి చేతుల్లోని స్టిక్‌లకూ లంకె లేదు, ఒకటి కదిపితే రెండోది కదలదు. అందువల్ల ఇతను లాగుతున్న సంగతి అతనికి చేతికి తెలియలేదు. తాను మొదటినుంచీ లాగుతూనే ఉన్నానన్న ముక్క ఆ కుర్రాడి నోటినుంచి వచ్చేసరికి కింద సముద్రం వచ్చేసింది. 228 మంది పోయారు. “చూశారా, చెయ్యి రాకపోతే ఏమవుతుందో” అన్నారు కెప్టెన్‌గారు. నాకు వినిపించింది మరొకటి. ఆ కుర్రాడికి చెయ్యి రాలేదు సరే, నోరు కూడా సమయానికి రాలేదు. కెప్టెన్‌గారి సూత్రంలోని మూడో భాగాన్ని అతను అక్షరాలా పాటించాడు.

చెయ్యి వచ్చినవాళ్ళ సంగతి కూడా చూద్దామని నేను టెనెరిఫ్ పేరెత్తాను. 1977 మార్చి 27న ఆ ద్వీపంలోని విమానాశ్రయంలో, పొగమంచులో, కేఎల్‌ఎం సంస్థ 747 విమానం అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టి, అదే రన్‌వే మీద ఉన్న పాన్‌ఆమ్ 747ను ఢీకొంది. 583 మంది పోయారు. నేటికీ అంతకు మించిన విమాన ప్రమాదం జరగలేదు. ఆ పాన్‌ఆమ్ విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదేమోనని కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో వెనక సీట్లోని ఫ్లైట్ ఇంజనీరు అనుమానం వెలిబుచ్చాడు. ఖాళీ చేసిందని కెప్టెన్ గట్టిగా తేల్చేశాడు, వెనక సీటు మళ్ళీ మాట్లాడలేదు. ఇంతకీ ఆ కెప్టెన్ ఎవరు? ఆ సంస్థలో 747 శిక్షణకు పెద్ద. సంస్థ ప్రకటనల్లో ముద్రించిన నవ్వుముఖం ఆయనదే. ప్రమాదం వార్త అందగానే, విచారణకు సాయపడమని పంపడానికి కంపెనీవాళ్ళు మొట్టమొదట ఆయన కోసమే వెతికారట. ఇదంతా విని కెప్టెన్‌గారు ఆవులించి, “ఆ కాలం వేరు మాస్టారూ” అన్నారు. చెయ్యి వచ్చినవాళ్ళ కాలం అదేనని ఆయనే కాసేపటి క్రితం చెప్పి ఉన్నారు.

సాయంత్రం అరుగు మీద చిన్నల్లుడు నా దగ్గర నోరు విప్పాడు. ఇళ్ళల్లో అల్లుళ్ళు మాట్లాడే చోటు అరుగే. “మాకు సీఆర్‌ఎం అని, సిబ్బంది కలిసి పనిచేయడం నేర్పే క్లాసు ఏటా పెడతారండీ. కెప్టెన్ తప్పు చేస్తుంటే ఏం చేస్తారని అడుగుతారు. చెబుతామండీ అంటాం. టిక్కు పెట్టి సమోసా ఇస్తారు. పై వారం ఆ క్లాసు చెప్పినాయనతోనే డ్యూటీ పడుతుంది. ఎత్తు కాస్త ఎక్కువుందండీ అంటే, నువ్వు పుట్టకముందు నుంచీ దించుతున్నాను అంటాడాయన. నా గురించి రిపోర్టు రాసేది ఎవరండీ? ఆయనే. నేను కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకి పనికొస్తానని చెప్పాల్సింది ఎవరండీ? మళ్ళీ ఆయన లాంటివాడే.” చెప్పవలసిన మాటలన్నీ ఎంత సాఫీగా వచ్చాయో! ఎదురుగా కెప్టెన్ లేడు కదా.

సమోసా ఇచ్చే ఆ క్లాసు ఊరికే పుట్టలేదు. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ సంస్థ డీసీ-8 విమానం చక్రం సరిగ్గా దిగిందో లేదోనన్న అనుమానంతో గంటసేపు గాల్లో తిరిగింది. కెప్టెన్ దృష్టంతా చక్రం మీదే. ఇంధనం తగ్గిపోతున్న సంగతి పక్కవాళ్ళు సణిగారే తప్ప బల్ల గుద్ది చెప్పలేదు. ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి, విమానం ఊరి శివార్లలో పడింది, పదిమంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది నాసా ఈ విషయమై సదస్సు పెట్టింది, 1981లో యునైటెడ్ సంస్థ తన పైలట్లకు కలిసి పనిచేయడం నేర్పడం మొదలుపెట్టింది. ఇప్పుడది ప్రపంచమంతటా తప్పనిసరి. తప్పనిసరి అయిన ప్రతి చదువూ చివరికి హాజరుపట్టీ దగ్గర తేలుతుందని ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

తోడల్లుళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన అంశం లోకంలో ఒక్కటే ఉంది, అది రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించిన కొత్త నిబంధనల గురించి, వాటికి సరిపడా పైలట్లను సమకూర్చుకోక 2025 డిసెంబరులో దేశంలోని అతి పెద్ద విమాన సంస్థ వేల సర్వీసులు రద్దు చేసిన వైనం గురించి రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడారు. “రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒంట్లోని గడియారం అడుగంటి ఉంటుంది మాస్టారూ. ఆ వేళలో అలిసిపోయినవాడి చేతికి కంట్రోలు ఇవ్వడం ఖూనీతో సమానం” అన్నారు కెప్టెన్‌గారు. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ఆ రాత్రి అందరం భీమవరం వైపు కోడిపందేల బరికి వెళ్ళాం. కోర్టులు వద్దన్న పందేలకు బడిపంతులు ఎందుకు వెళ్ళాడన్నది ఈ సంఘం విచారణ పరిధిలోకి రాదు. తిరుగు ప్రయాణం తెల్లవారుజామున మూడింటికి మొదలైంది. ముందురోజు భోగిమంట కోసం నాలుగింటికి లేచిన కెప్టెన్‌గారు, ఇరవై మూడు గంటలుగా నిద్ర లేని కెప్టెన్‌గారు, తాళాలు తమ్ముడికివ్వండి అన్న పెద్దకూతురి సలహాను ఫోనులోనే తోసిపుచ్చి తామే స్టీరింగు ముందు కూర్చున్నారు. విమానంలో కెప్టెన్‌ది ఎడమ సీటు, మన కారులో స్టీరింగు కుడివైపు. అంతకు మించి ఏ తేడా లేకుండా ఆయన డ్యూటీలోకి వచ్చేశారు. ఎడమపక్క చిన్నల్లుడు ఫోనులో మ్యాపు పెట్టాడు. “ఆ గీత ఆపెయ్ తమ్ముడూ. పాతికేళ్ళుగా వస్తున్న రోడ్డు ఇది” అన్నారు కెప్టెన్‌గారు. చిన్నల్లుడు శబ్దం ఆపాడు గానీ గీతను ఆపలేదు, ఫోను తొడ కింద సగం దాచుకుని చూస్తూ కూర్చున్నాడు.

కాలవ గట్టు ఎక్కేసరికి మంచు దట్టంగా పట్టేసింది. హెడ్‌లైట్ల వెలుగు గోడకు కొట్టినట్టు తిరిగొచ్చి మా మొహాల మీదే పడుతోంది. మా ఊరికి కిలోమీటరు దూరంలో తూము దగ్గర గట్టు ఎడమకు తిరుగుతుంది. తిరగనివాడి కోసం ఎదురుగా కాలవ సిద్ధంగా ఉంటుంది. ఆ తూము దగ్గరపడుతున్న కొద్దీ చిన్నల్లుడి ప్రవర్తనను నేను సెకను సెకనుకూ గమనించాను. ముందు గొంతు సవరించుకున్నాడు. తర్వాత, “ఈ ఏడాది మంచు బాగా ఎక్కువగా ఉందండీ అన్నయ్యగారూ” అన్నాడు. అది హెచ్చరిక అని కెప్టెన్‌గారికి తోచలేదు. “మామిడిపూత నిలవదు” అని వ్యవసాయపరమైన జవాబు ఇచ్చారు. చిన్నల్లుడు వెనక్కి తిరిగి, “మామయ్యగారూ, తూము ఎక్కడొస్తుందండీ?” అని అడిగాడు. “వచ్చేస్తదండి అల్లుడుగారూ, వచ్చేస్తది” అన్నాడు పెద్దాయన, బస్సు గురించి అడిగినట్టుగా. అప్పుడు చిన్నల్లుడు తెగించాడు. మా గోదావరి జిల్లాల మర్యాదకు నిలువెత్తు సాక్ష్యంగా నిలిచే ఆ వాక్యాన్ని యథాతథంగా పొందుపరుస్తున్నాను:

“ఆయ్, అన్నయ్యగారండీ, మీరేమీ అనుకోనంటే ఒక్క మాటండీ, మరి ఎదర చిన్న మలుపులాంటిది ఏదో ఉన్నట్టుగా ఫోనులో కనపడతందండీ, మీకు తెలియందేం కాదనుకోండి...”

‘మలుపులాంటిది’ దగ్గర మేము గట్టు మీద ఉన్నాం. ‘తెలియందేం కాదు’ దగ్గర ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. ‘అనుకోండి’ అన్నది నీళ్ళల్లో వినిపించింది. కారు ముక్కు కిందికి పెట్టి, ఏ తొందరా లేకుండా, గుర్రపుడెక్క మీదికి జారి, ఆ పచ్చటి పరుపు మీద కాసేపు ఆలోచించి, సీట్ల దాకా మునిగి ఆగింది. ఆ కాలవలో గుర్రపుడెక్క తీయించమని సంబంధిత కార్యాలయానికి నేను ఇచ్చిన మూడు అర్జీలనూ ఈ వ్యాసం ద్వారా ఉపసంహరించుకుంటున్నాను. ప్రాణనష్టం లేదు. అరిసెల డబ్బా పోయింది.

ఒడ్డుకు చేరాక జరిగిన సంభాషణ ఇది. లుంగీలు పిండుకుంటున్నవాళ్ళం కాబట్టి విచారణ సంఘానికి స్పష్టంగా వినిపించింది.

“నేను చెప్పానండీ అన్నయ్యగారూ.”

“ఎప్పుడు చెప్పావు? మామిడిపూత గురించి చెప్పావు. కాలవ ఉందని చెప్పాలి కదా! వినపడేట్టు చెప్పాలి కదా!”

“మీరే గొంతెత్తొద్దన్నారు కదండీ.”

“అది జోకు!”

“జోకా అండీ.”

ఆ చివరి ‘అండీ’లో ఉన్నంత కోపం నేను ఏ తిట్టులోనూ వినలేదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఆ మర్యాద వాక్యాన్ని మర్నాడు చేతి గడియారం పెట్టుకుని నాలుగుసార్లు పలికి చూశాను, తొమ్మిది సెకన్లు పట్టింది. జెట్ విమానం నేల తాకే వేళకు వేగం సుమారు 140 నాట్లు ఉంటుంది. ఇవి మా దాళ్వా వరినాట్లు కావు. గంటకు 260 కిలోమీటర్ల లెక్క, అంటే సెకనుకు 72 మీటర్లు. తొమ్మిది సెకన్ల మర్యాదకు దాదాపు 650 మీటర్లు ఖర్చవుతాయి. కేరళలోని కోళికోడ్ రన్‌వే పొడవు 2,700 మీటర్లు. ఆ లెక్కన మన ‘ఏమీ అనుకోనంటే’కే నాలుగో వంతు రన్‌వే సమర్పయామి.

ఈ జబ్బుకు విమాన విచారణల్లో వాడే మాటను తెలుగులో ‘అధికారపు వాలు’ అనవచ్చు. ఎడమ సీటుకూ కుడి సీటుకూ మధ్య వాలు మరీ ఏటవాలుగా ఉంటే మాట పైకి ఎక్కదని దాని భావం. వాలు గురించి డెల్టా మనిషికి ఒకరు చెప్పాలా? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ మేము బతుకుతున్నది ఆ వాలు మీదే. మరీ ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది, మరీ తక్కువైతే నీరు కదలక మురుగు పడుతుంది, అందుకే మధ్యలో లాకులు, తూములు, వాటిని కనిపెట్టుకుని ఉండే లష్కర్లు. కాక్‌పిట్‌లోనూ అంతే. 2020 మే 22న కరాచీలో కూలిన విమానంలో పైలట్లిద్దరూ కరోనా గురించి కబుర్లలో ఉన్నారని, మొదటిసారి దిగేటప్పుడు చక్రాలే లేకుండా ఇంజన్లు నేలకు రాసుకున్నాయని ఆ దేశపు మంత్రి పార్లమెంటులోనే చెప్పాడు. అక్కడ ఇద్దరూ గొంతెత్తారు, చక్రాల గురించి తప్ప. ఇక 2018 కొత్త సంవత్సరం రోజున లండన్ నుంచి ముంబయి వస్తున్న మన విమానంలో కెప్టెన్ తోటి మహిళా పైలట్‌ను చెంపదెబ్బ కొట్టాడన్న వార్త గుర్తుందా? చేతి పనితనం గురించి మాట్లాడే పెద్దలు ఆ చేతిని కూడా లెక్కలో వేసుకుంటే బాగుంటుంది.

వాలు సరిగ్గా ఉన్న కాక్‌పిట్ ఎలా ఉంటుందో తెలియాలంటే 1989 జూలై 19న అమెరికాలోని సూసిటీలో దిగిన యునైటెడ్ డీసీ-10ను చూడాలి. తోక ఇంజను పగిలి హైడ్రాలిక్ వ్యవస్థలు మూడూ పోయాయి. స్టీరింగు తిప్పితే ఏదీ కదలదు. కెప్టెన్ ఆల్ హేన్స్ చెయ్యి వచ్చినవాడే. అయినా ప్రయాణికుల్లో శిక్షకుడైన పైలట్ ఒకడున్నాడని తెలియగానే లోపలికి పిలిచి ఇంజన్ల థ్రాటిళ్ళు అతని చేతిలో పెట్టాడు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ రోజు కాక్‌పిట్‌లో నలుగురి అనుభవం కలిపి 103 ఏళ్ళని ఆయన తర్వాత ఊరూరా తిరిగి చెప్పాడు. తన ఒక్కడి అనుభవం ఎన్నేళ్ళో అంత గట్టిగా చెప్పుకోలేదు. మా కెప్టెన్‌గారైతే నలుగురి అనుభవంలో మూడింటిని చక్రాలెత్తడానికి పంపేవారు.

పోనీ, గొంతెత్తితే ఏమవుతుంది?

2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో కో-పైలట్ గొంతెత్తాడు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని, ఆయన గురక కాక్‌పిట్ రికార్డరులో ఉందని విచారణ సంఘం రాసింది. విమానం ఉండవలసిన దానికంటే చాలా ఎత్తులో వస్తోంది. దిగొద్దు, మళ్ళీ పైకి లేపమని, గో అరౌండ్ అని, కో-పైలట్ మూడుసార్లు అన్నాడు. మూడుసార్లు! మామిడిపూత గురించి కాదు, తూము ఎక్కడని కాదు, సూటిగా. వినలేదు. 166 మందిలో ఎనిమిది మంది మిగిలారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో, వానలో, వెనకగాలిలో, రన్‌వే దాదాపు సగం దాటాక చక్రాలు నేల తాకాయి. మళ్ళీ గో అరౌండ్ అన్నది కో-పైలట్. మళ్ళీ విననిది కెప్టెన్. పైలట్లిద్దరితో సహా 21 మంది పోయారు. పదేళ్ళ ఎడంలో అదే దుబాయ్, అదే సంస్థ, అదే రకం కొండ మీది రన్‌వే, అదే మాట, అదే చెవుడు. సిగ్గుండాలి.

ఆ విమానాల్లో వెనక కూర్చునేది ఎవరు? రాజోలు నుంచి, నరసాపురం నుంచి, అమలాపురం నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ దుబాయ్‌కూ ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళలాంటివాళ్ళు. రెండేళ్ళు పరాయి ఇంట్లో గిన్నెలు తోమి, కూతురికి గొలుసు కొని, అది పోతుందేమోనని దారంతా మెడలోనే వేసుకుని వచ్చేవాళ్ళు. ముందు తలుపు వెనక ఎవడి ఈగో ఎంత పొడుగో వాళ్ళకు తెలియదు, తెలుసుకునే అవకాశమూ లేదు. వాళ్ళ ప్రాణాలు నిలబడాల్సింది ఆ కుడి సీటు కుర్రాడి గొంతు మీద. ఆ గొంతునేనా మీరు పప్పులో నెయ్యి వేసుకుంటూ నవ్వులాటకు నులిమేది? కుర్రాడు కంట్రోలు లాక్కోవలసిందని తర్వాత అందరూ తీరిగ్గా అంటారు. ఎవడు లాక్కుంటాడండీ? లాక్కుని క్షేమంగా దించితే మర్నాడు ప్రమాదమే ఉండదు, అతను చెప్పింది నిజమని చూపడానికి శకలాలూ ఉండవు. మిగిలేది ఒక్క అవిధేయత, దాని మీద ఒక సంజాయిషీ నోటీసు. చచ్చిపోతే తప్ప ఒప్పని తేలని ఉద్యోగానికి కుర్రాళ్ళను పెట్టి, వాళ్ళకు చెయ్యి రాదని ఏడుస్తున్నారు.

కోపం వచ్చింది, క్షమించాలి, నివేదికకు వస్తాను. సంఘం కనుగొన్న అంశాల్లో ఒకటి ఇంతవరకూ బయటపెట్టలేదు. తూము దగ్గరి వేపచెట్టు మంచులో నల్లగా మసకగా నాకు కూడా కనిపించింది. చిన్నల్లుడి వాక్యం మొదలు కాకముందే కనిపించింది. పెద్దాయనకూ కనిపించిందని మర్నాడు నా దగ్గర ఒప్పుకున్నాడు. ఎదురింటి అల్లుడికి, అదీ పండగపూట, రోడ్డు ఎటు తిరుగుతుందో నేను చెప్పడమేమిటని నోరు మూసుకున్నాను. తన అల్లుణ్ణి పరాయివాడి ముందు తప్పుపట్టడమేమిటని ఆయన నోరు మూసుకున్నాడు. కారులో కెప్టెన్‌గారు తప్ప మిగతా ముగ్గురం కాలవను చూసినవాళ్ళమే.

ముక్కనుమ మర్నాడు అల్లుళ్ళిద్దరూ మధురపూడి విమానాశ్రయానికి బయల్దేరారు. కారు ఇంకా మెకానిక్కు దగ్గర ఎండుతోంది కాబట్టి అద్దెకారు పిలిచారు. రాజమండ్రిలో నాకు కంటి డాక్టరు దగ్గర పని ఉండి నేనూ ఎక్కాను. డ్రైవరు పాతికేళ్ళు నిండని మార్టేరు కుర్రాడు. తెల్లవారుజాము, మళ్ళీ అదే మంచు. ముందు సీట్లో కూర్చున్న కెప్టెన్‌గారు బ్రేకు ఎప్పుడు నొక్కాలో, లైటు ఎప్పుడు దించాలో, ఎదర లారీకి ఎంత ఎడం ఉంచాలో చెబుతూ ఉన్నారు. సిద్ధాంతం ఊరి దగ్గర ఆ కుర్రాడు కళ్ళు రోడ్డు మీదినుంచి తీయకుండానే అన్నాడు: “సార్, మీరు కాసేపు మాట్టాడకండి. నాకు రోడ్డు కనపడతలేదు.”

వెనక సీట్లో చిన్నల్లుడు కిటికీ వైపు తిరిగి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రావులపాలెం పోయి, గౌతమి వంతెన దాటి, జొన్నాడలో టీ తాగడానికి ఆగేదాకా కెప్టెన్‌గారు గొంతెత్తలేదు.